గేరుబాక్సుకు ముగ్గురి కాపలా

"వదినా, ఈ గేరుబాక్సు కాస్తా పోయిందే అనుకో, నువ్వేం చేసి బతుకుతావు?"

అడిగింది మరిది. అడిగిన చోటు అతని సొంత షాపు. ముందు వరసలో వాష్‌బేసిన్లు, వెనక వరసలో కమోడ్లు, మధ్యలో కౌంటరు, కౌంటరు వెనక ఒక ఖాళీ కుర్చీ. అడుగుతూ అతను ఆ కుర్చీ వీపును గుర్రాన్ని నిమిరినట్టు నిమురుతున్నాడు. అందులో కూర్చునే మనిషి జీతం చాలక మానేశాడు. గల్లాపెట్టె దగ్గర ఇప్పుడు నమ్మకమైన మనిషి కావాలి. జీతం పెంచమని అడగని మనిషి కూడా కావాలి. ఈ రెండు గుణాలూ ఒకే ఒంట్లో దొరకాలంటే చుట్టాల్లో వెతుక్కోవడం తప్ప దారి లేదు.

బ్రేకమ్మ పక్కనున్న కుళాయి ఒకటి తిప్పి చూసింది. షాపులో కుళాయి, నీళ్లు రావు. మళ్లీ కట్టేసింది.

"గేరుబాక్సు సంగతి నీకెవరు చెప్పారు?" అంది.

"ఒకరు చెప్పాలా? నిన్న మా ఇంటి ముందే కదా ఆపావు. గేరు పడుతుంటే లోపలెవరో తలుపు తన్నినట్టు చప్పుడైంది. అమ్మ వెనక సీట్లో ఎగిరి పడింది. ఒకటో తారీకు దాకా చూస్తాను వదినా. ఆ తర్వాత ఈ కుర్చీ నీదే. పైన ఫ్యాను కూడా ఉంది."

ఫ్యాను ఉన్న మాట నిజమే. దాని కింద కూర్చుని పొద్దస్తమానం కమోడ్ల మొహం చూస్తుండాలన్నదీ నిజమే.

బ్రేకమ్మ పని డ్రైవింగు నేర్పడం. ఆమె కూర్చునే పక్క సీటు దగ్గర, కాళ్ల కింద, రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్లు చేసే తప్పులన్నీ ఆ బ్రేకు దగ్గర ఆగిపోతాయి; పేరు అక్కణ్ణించి వచ్చింది. చాలా ఏళ్లు మరొకళ్ల స్కూల్లో క్లచ్చి బండ్ల మీద నేర్పింది. అక్కడ ఆమె గమనించిందేమిటంటే, జనం బండికి భయపడరు, క్లచ్చికి భయపడతారు. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించమంటే పిల్లలున్న తల్లులు, రిటైరైన ఆఫీసర్లు, లోకాన్ని గదమాయించే హెడ్మాస్టర్లు కూడా స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేవారు. ఆమె అక్కడ మానేసి, దాచుకున్నదంతా ఊడ్చి, గేర్లు దానంతటదే మార్చుకునే పాత కారొకటి కొంది. అది అప్పటికే లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన బండి. గేటుకి బోర్డు కట్టింది: "క్లచ్చి లేదు, కంగారు లేదు." ఏడ్చినవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు ఆమె దగ్గరికొచ్చారు.

ఇలాంటి మనిషి గురించి రాయబోతే పెన్నులోంచి ముందుగా జారే మాట "స్ఫూర్తి". ఆ మాటని ఒక మహిళా సంఘం ముందే వాడేసింది. బరువైన చెక్క మీద బంగారు రంగు అక్షరాలు చెక్కించి, చప్పట్ల మధ్య ఆమె చేతిలో పెట్టారు. ఆమె ఇంటికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి, చేత్తో బరువు చూసి, వెనక చక్రం కింద పెట్టింది. ఆమె ఇల్లు ఏటవాలు వీధిలో ఉంది. బండి ముక్కు పైకి, తోక కిందికి పెట్టి నిలపాలి. చక్రానికి ఆనించడానికి అంతవరకూ సరైన చెక్క దొరకలేదు. సంఘం అధ్యక్షురాలు ఒకరోజు అటుగా వెళ్తూ చూసి నొచ్చుకుంది. "బండి జారిపోకుండా ఆపుతోందండీ, ఊరికే గోడకి వేలాడటం లేదుగా," అంది బ్రేకమ్మ. "కష్టజీవి" అన్నా ఒప్పుకోదు. "ఏసీలో కూర్చుని ఒకళ్ల మీద అరవడం కష్టమేంటి? అరిచినందుకు డబ్బులు కూడా ఇస్తారు," అంటుంది.

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఆయనకి సన్నగీత కనిపిస్తే చాలు, జేబులోంచి భూతద్దం బయటికొస్తుంది. అత్తగారు ప్రతి పాఠానికీ వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరుగుతుంది. ఆవిడ అక్కడ ఉండటం వల్ల నేర్చుకునేవాళ్లకి లాభమేమీ లేదు. "ఎడమకి తిప్పమంటే కుడికి తిప్పాడే! ఇంట్లో పెళ్లాం మాటైనా వింటాడో లేదో," లాంటివి వెనకనుంచి వినబడుతూ ఉంటాయి. ఒకరిద్దరు ఫీజు తగ్గించమని అడిగారు కూడా. బ్రేకమ్మ తగ్గించలేదు. "రోడ్డు మీద ఇంతకంటే ఎక్కువంటారు, అలవాటు చేసుకోండి," అని పాఠంలో కలిపేసింది. బండి పోతే ఆవిడకి పగలంతా చిన్నకొడుకు షాపే గతి, అదీ కమోడ్ల పక్కన స్టూలు మీద.

మరిది ప్రశ్న విన్నాక బ్రేకమ్మ తిన్నగా మెకానిక్కు షెడ్డుకి వెళ్లింది. ఆ మెకానిక్కుని అందరూ "సైలెన్సరు" అంటారు. అతను నోరు తెరిస్తే, ఆ భాగం ఊడిపోయిన లారీ గుర్తొస్తుంది గనక. ఎవరి బండికి ఏ జబ్బో, ఎవరు ఎవరికి తెలీకుండా ఎక్కడ గీయించుకొచ్చారో, వీధి వీధంతా అతని నోటివెంటే వింటుంది.

అతను బండి బానెట్టెత్తి, గేరుబాక్సులో ఆయిలెంతుందో చూసే పొడుగాటి పుల్ల లాగి, తెల్లగుడ్డ మీద తుడిచి, వాసన చూసి మొహం చిట్లించాడు.

"అక్కా, ఇది ఎప్పుడు మార్పించావు?"

"ఆయిలా? ఠంచనుగా మార్పిస్తున్నాగా, నీ దగ్గరే."

"అది ఇంజనుదక్కా. నేనడిగేది గేరుబాక్సుది."

"దానిక్కూడా మార్చాలా? అమ్మినాయన మార్చక్కర్లేదన్నాడే. కంపెనీవాడే జీవితకాలానికి సరిపడా పోసి పంపిస్తాడట."

"ఎవరి జీవితకాలం? కంపెనీవాడి లెక్కలో గ్యారంటీ అయిపోయేదాకానే జీవితం. ఆ తర్వాత కూడా బండి బతికుంటే అది బండి చేసిన తప్పు." గుడ్డ ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "చూడు. ఎర్రగా, అద్దంలా ఉండాలి. ఇది కషాయం. మాడిన వాసన కూడా."

"సరే, ఎన్నాళ్లకి మార్చాలి చెప్పు."

"మామూలుగా తిరిగే బండికైతే అరవై వేల కిలోమీటర్లకి చాలు. నీ బండి మామూలుగా తిరుగుతుందా? ఆగుతుంది, కదుల్తుంది, ఆగుతుంది. నువ్వు బ్రేకు తొక్కుతావు, వాళ్లు యాక్సిలరేటరు తొక్కుతారు, మధ్యలో గేరుబాక్సు ఉడికిపోతుంది. దీనికి నలభై వేలకి, కాకపోతే రెండేళ్లకి, ఏది ముందొస్తే దానికి."

ఆ సాయంత్రం ఇంట్లో దీనిమీద పెద్ద చర్చ. మరిది కూడా వచ్చాడు, పిలవకుండా.

"ఇన్నాళ్లూ ముట్టుకోలేదుగా, ఇప్పుడు ముట్టుకుంటే చస్తుంది," అన్నాడు. "లోపల ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. ఆ మడ్డే వాటిని పట్టుకుని నడిపిస్తోంది. కొత్త ఆయిలు పోసిన మర్నాడే జారిపోతాయి. మా వీధిలో ఒకాయనకి అచ్చం ఇలాగే అయింది."

ఇలాంటి "మా వీధిలో ఒకాయన" ప్రతి కుటుంబానికీ ఒకడుంటాడు. ఆయన ఏ మందు మింగినా వికటిస్తుంది, ఏ పని మొదలుపెట్టినా మునుగుతుంది, ఆయన్ని చూసినవాడు మాత్రం ఉండడు. అయినా మరిది మాటని పూర్తిగా కొట్టిపారెయ్యడానికి లేదు. మర్నాడు సైలెన్సరు కూడా అదే అన్నాడు, కాకపోతే సగం. "బాగా ముదిరిన బండికి ఒక్కసారే లోపలంతా బలంగా కడిగేస్తే ప్రమాదమే అక్కా. నేను కడగను. అడుగున బిళ్ల విప్పితే ఎలాగూ సగమే కారుతుంది, మిగతా సగం లోపలే ఉండిపోతుంది. ఆ సగం మార్చి ఓ నెల తిప్పుదాం. తర్వాత మళ్లీ సగం. మెల్లిగా అలవాటు చేద్దాం."

అలాగే చేశారు. పాత ఆయిలు బేసిన్లోకి నల్లగా దిగింది. కొత్తది ఎర్రగా లోపలికి వెళ్లింది. ఇంటికి వస్తుంటే గేరు ఎప్పుడు పడిందో కూడా తెలియలేదు. వెనక సీట్లోంచి అత్తగారు, "ఏవమ్మాయ్, బండి నడుస్తోందా, ఆగిపోయిందా?" అని అడిగింది. బ్రేకమ్మకి ఆ పూట అన్నం సహించింది.

బండి తీసుకునేటప్పుడు సైలెన్సరు ఒక మాటన్నాడు: "పాత సీలు కదా, ఎక్కడైనా కారొచ్చు. మట్టం మీద ఓ కన్నేసి ఉంచు." అసలు గొడవంతా ఆ ఒక్క కన్ను దగ్గర మొదలైంది. ఇంట్లో కళ్లు చాలా ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత బ్రేకమ్మ ఒక్కతే షెడ్డుకి వెళ్లింది. "ఆ ఎర్ర ఆయిలు సీసా ఒకటివ్వు. డబ్బు తర్వాతిస్తా. మా ఆయనతో మాత్రం అనకు. నేను భయపడుతున్నానని తెలిస్తే తమ్ముడికి చెబుతాడు, ఆ తమ్ముడు కుర్చీ దులుపుతాడు."

ఆ వారంలోనే భర్త వెళ్లాడు. "ఒక సీసా కావాలి. మీ అక్కకి తెలియనివ్వకు. నేను బండిని అనుమానిస్తున్నానంటే మనసు కష్టపెట్టుకుంటుంది. డబ్బు జీతాలప్పుడు."

తర్వాత అత్తగారు, కూరగాయలకని బయల్దేరి, సంచీ పట్టుకుని వెళ్లింది. "ఒరే అబ్బాయ్, ఆ గేరుకి పోసేది ఒకటివ్వు. నా కొడుక్కీ కోడలికీ ఏం పడుతుంది, ఇద్దరూ దాన్ని గాలికొదిలేశారు. నువ్వు వాళ్లకి చెప్పావంటే చూడు."

సైలెన్సరు ముగ్గురికీ మాటిచ్చాడు. ఒకాయన కారుకి సొట్ట పడితే సాయంత్రానికల్లా వీధి చివరిదాకా చాటే మనిషి, జీవితంలో మొట్టమొదటిసారి నోరు మూసుకున్నాడు. మూసుకోకూడని చోట మూసుకున్నాడు.

ఆ ఇంట్లో రోజూ పొద్దున బండి స్టార్టు చేసేది భర్త. ఇంజను వేడెక్కుతుందని కాసేపు అలా ఆడుతూ వదిలి, తను షాపుకి వెళ్తాడు. తర్వాత బ్రేకమ్మ వచ్చి తీసుకెళ్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే ముగ్గురూ వంతులవారీగా, ఒకళ్లకొకళ్లు తెలియకుండా, బానెట్టు ఎత్తడం మొదలుపెట్టారు. ముందుగా చూసింది బ్రేకమ్మ. పుల్ల మీద రెండు గీతలున్నాయి. పైగీత దాకా ఆయిలు రాలేదు. వెంటనే పోసింది. భర్త భూతద్దం పెట్టి చూశాడు. పైగీతకి వెంట్రుకవాసి తక్కువగా ఉందని తేల్చి, చుక్కలు చుక్కలుగా కొలిచి పోశాడు. అత్తగారు పుల్ల జోలికే పోలేదు. బండి బయటికెళ్లే ప్రతిరోజూ మూతెడు పోసి, "చల్లగా ఉండు తల్లీ," అని బానెట్టు తట్టి వచ్చింది.

ఇది జరుగుతుండగానే పళ్ల డాక్టరు పాఠానికొచ్చాడు. ఆయన మనుషుల నోట్లో రంపాలు పెట్టడానికి జంకడు గానీ, నాలుగు రోడ్ల కూడలి చూస్తే చెమటలు. ఆ రోజు వంతెన ఎక్కిస్తుంటే మధ్యలో బండి గట్టిగా అరవడం మొదలుపెట్టింది గానీ ముందుకు కదలడం మానేసింది. వెనకాల బస్సు హారను. దాని వెనకాల ఇంకో పది హారన్లు.

"తొక్కండి డాక్టరు గారూ!"

"తొక్కుతూనే ఉన్నాను మేడం! అరుస్తోంది గానీ రావట్లేదు!"

"మీ దగ్గరికొచ్చే పన్నులాగే ఉంది," అంది వెనకనుంచి అత్తగారు.

"నేనేం చెయ్యలేదండీ! ఒట్టు!"

"నోరు పెద్దగా తెరవకండి, రోడ్డు చూడండి," అంది బ్రేకమ్మ. బండి ఒక్కసారి ఉలిక్కిపడి గేరు పట్టుకుంది, పది గజాలు పోయింది, మళ్లీ వదిలేసింది. చివరికి బస్సు కండక్టరూ ఇంకో ఇద్దరూ దిగి వంతెన మీదికి తోశారు. దిగుడులో అది దానంతటదే షెడ్డు దాకా దొర్లింది.

కబురు మరిదికి ఎలా తెలిసిందో తెలియదు. ఆ బస్సులో "మా వీధిలో ఒకాయన" ఉండి ఉంటాడు. అరగంటలో బండికి కట్టి లాగే తాడు పట్టుకుని షెడ్డు దగ్గర దిగాడు. ఇంకో చేతిలో కొత్త దిండొకటి ఉంది. కుర్చీలోకి.

"నేను చెప్పానా లేదా? ముట్టుకోవద్దన్నానా లేదా? పోన్లే వదినా, బాధపడకు. రేపే ఒకటో తారీకు."

బ్రేకమ్మ ఆ దిండు వైపు చూసింది. దాని మీద గులాబీ పువ్వులు. ఇన్నేళ్ల తన బతుకు, బోర్డూ బ్రేకూ ఏడుపులూ అన్నీ ఆ గులాబీల మీద కూర్చోబోతున్నాయని అర్థమై, ఆమెకి కళ్లనీళ్లు రాలేదు గానీ కోపం వచ్చింది. అది సైలెన్సరు మీదికి తిరిగింది.

"మెల్లిగా అలవాటు చేద్దామన్నావు. బాగా అలవాటు చేశావు!"

"ఉండక్కా, అరవకు. చూడనీ." బండి ఇంకా వేడిగానే ఉంది. ఇంజను ఆడుతుండగా, షెడ్డులోని చదునైన గచ్చు మీద, సైలెన్సరు పుల్ల లాగాడు. తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ లాగాడు. ఆయిలు పైగీత దాటి, ఆ పైన జానెడు దాకా అంటుకుని ఉంది. నిండా బుడగలు, సబ్బునీళ్లలా నురగ.

"ఇందులో ఎవరు పోశారు?" అన్నాడు.

కబురంది అప్పుడే పరుగెత్తుకొచ్చిన భర్త జేబులో భూతద్దం తడుముకున్నాడు. అత్తగారు షెడ్డు పైకప్పు బాగుందన్నట్టు పైకి చూసింది.

"ఇంత ఆయిలు దానంతటది పెరగదు. లోపల తిరిగే చక్రాలు దీన్ని చిలికి నురగ చేసేశాయి. నురగతో గేరు పట్టదు, జారిపోతుంది. ఎవరు పోశారంటే చెప్పరే?"

అప్పుడతనికి తెలివొచ్చింది. మనసులో సీసాలు లెక్కపెట్టుకుంటున్నాడన్నది మొహంలోనే కనిపించింది. ఒకటి అక్కకి. ఒకటి బావగారికి. ఒకటి పెద్దమ్మకి.

"ముగ్గురూ పోశారా!"

"ముగ్గురేంటి?" అంది బ్రేకమ్మ, భర్త వైపు తిరిగి.

"నువ్వు కూడానా?" అన్నాడు భర్త.

"మీరిద్దరూ పట్టించుకుంటున్నారని నాకెవరైనా చెప్పారా?" అంది అత్తగారు. "అనాథలా పడుంది కదాని నేను చూసుకున్నా."

"నేను సరిగ్గా గీత దాకానే పోశాను," అన్నాడు భర్త. "భూతద్దంతో చూశాను."

"ఏ గీత బావగారూ?"

"పైగీత."

"పైగీత బండి తిరిగొచ్చి బాగా వేడెక్కాక చూసేది. చల్లగా ఉన్నప్పుడు కిందగీతే. ఎక్కడ చూశారు? ఇంటి దగ్గరేనా? ఆ ఏటవాల్లోనా?" సైలెన్సరు తల పట్టుకున్నాడు. "ముక్కు పైకెత్తి నిలబెడితే ఆయిలంతా వెనక్కి పోతుంది. పుల్ల ఉన్న చోట తక్కువే కనిపిస్తుంది. ఆ చెక్క ఆనించుకుని ఏళ్ల తరబడి చూసినా తక్కువే చూపిస్తుంది!"

"మరి నువ్వు చెప్పొద్దూ?" అంది బ్రేకమ్మ. "ఒకే బండికి ముగ్గురు మూడు సీసాలు పట్టుకుపోతుంటే, ఎందుకమ్మా ఇన్ని అని ఒక్కసారి అడగలేకపోయావా? రోడ్డు మీద పోయేవాడి సంగతి కూడా అందరికీ చెబుతావే!"

"మీరే కదక్కా ఎవరికీ చెప్పొద్దన్నారు. ముగ్గురూ ఒట్టేయించుకున్నారు." "ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో అనుకున్నాను."

ఇక్కడ ప్రేమ గురించి ఒక పేరా రాసెయ్యొచ్చు. అక్కర్లేదు. ఆ ప్రేమ ఇంకో వారం సాగి ఉంటే గేరుబాక్సు ముక్కలైపోయేది.

సైలెన్సరు సన్నపైపు ఒకటి పుల్ల దూరే గొట్టంలోకి దించి, చేతిపంపుతో ఎక్కువైన ఆయిలు బయటికి లాగాడు. సీసా తర్వాత సీసా నిండుతుంటే ముగ్గురూ తమ తమ వాటా గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు నిలబడి చూశారు. నురగ అణిగాక, బండి కాసేపు తిప్పి తెచ్చి, వేడిగా ఉండగానే చదునులో మళ్లీ చూశాడు. ఈసారి సరిగ్గా పైగీత దగ్గర, ఎర్రగా, అద్దంలా.

"లోపల ప్లేట్లు?" అన్నాడు మరిది, ఆశ వదులుకోలేక.

"వంతెనెక్కించి చూస్తే తెలుస్తుంది."

బ్రేకమ్మ స్టీరింగు దగ్గర కూర్చుంది. పక్కన సైలెన్సరు. అత్తగారు వెనకాల ఎక్కింది, వద్దన్నా ఎక్కుతుంది. మరిది కూడా ఎక్కాడు, దిండుతో సహా. వంతెన మొదలైంది. సగం ఎత్తులో గేరు మారింది. మారిందని ఇంజను చప్పుడు తగ్గడం వల్లే తెలిసింది. బండి పైకి, పైకి, అలాగే పోయింది.

"ఏవమ్మాయ్," అంది అత్తగారు, "నడుస్తోందా, ఆగిపోయిందా?"

"నడుస్తోంది అత్తయ్యా."

"అయితే ఆ దిండిలా ఇవ్వరా," అని చిన్నకొడుకు చేతిలోంచి లాక్కుని నడుం వెనక పెట్టుకుంది. "ఈ సీటు ఎప్పట్నించో గుచ్చుకుంటోంది."

నెల తిరిగాక రెండో సగం కూడా మార్చారు. ఇప్పుడు మట్టం చూడాలంటే బ్రేకమ్మ పాఠం అయిపోయాక, బండి వేడి మీద ఉండగా, షెడ్డులోని గచ్చు మీదే చూస్తుంది, అదీ సైలెన్సరు ఎదుట. మిగతా ఇద్దరికీ బానెట్టు ముట్టుకునే హక్కు రద్దయింది. పళ్ల డాక్టరు టెస్టు పాసయ్యాడు. ఇక ఆ కుర్చీలోకి ఎవరూ దొరక్క మరిదే కూర్చుంటున్నాడు. ఫ్యాను గాలి బాగానే తగులుతోందని అన్నాడట. సంఘంవారి చెక్క చక్రం కిందే ఉంది.

బ్రేకమ్మ తన సీసా డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చేసింది. భర్త జీతాలప్పుడు ఇచ్చాడు. అత్తగారు మాత్రం, "పోసినదంతా నువ్వే మళ్లీ తోడేసుకున్నావుగా, ఇంకా డబ్బెందుకురా?" అంటోంది. మూడో సీసా బాకీ అలాగే ఉంది.